పాటకు పైకప్పు: ఓడియన్ పేరు వెనక కథ

మెలోడీ సాంగ్, కామెడీ ట్రాక్, ట్రాజెడీ క్లైమాక్స్, ప్యారడీ పాట. తెలుగు సినిమా కబుర్లలో రోజూ నలిగే ఈ నాలుగు మాటల్లోనూ ఒకే గ్రీకు మాట దాగి ఉంది. అది ‘ఓడే’. ఓడే అంటే పాట. హైదరాబాద్ ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో ఆ మెలోడీలూ కామెడీలూ ఏళ్ల తరబడి ఆడిన ఓడియన్ థియేటర్ పేరు కూడా ఆ మాట నుంచే వచ్చింది. గ్రీకులో ‘ఓడేయోన్’ అంటే పాట పాడే చోటు. తెలుగులో పెట్టుకుంటే ‘పాటశాల’ అవుతుంది. ‘పాఠశాల’కు ఒక్క ఒత్తు తక్కువ. ఈ పోలిక పైపైది కాదని కథ ముందుకు వెళ్లేకొద్దీ తెలుస్తుంది.

పాతకాలపు గ్రీకు, రోమన్ పట్టణాల్లో నాటకానికో రంగస్థలం, పాటకో ఓడియన్ వేరువేరుగా ఉండేవి. చాలాచోట్ల రెండూ పక్కపక్కనే కనిపిస్తాయి. రెండింటిలోనూ అర్ధచంద్రాకారంలో మెట్లు, ఎదురుగా వేదిక. శిథిలాలను చూసే యాత్రికులకు ఓడియన్ ఒక చిన్న థియేటర్‌లా మాత్రమే అనిపిస్తుంది. అసలు తేడా ఇప్పుడు కంటికి కనిపించదు, ఎందుకంటే అది ఎప్పుడో కూలిపోయింది. ఓడియన్‌కు పైకప్పు ఉండేది.

ఆ కప్పు ఎండా వానల కోసమే అనుకుంటే సగమే అర్థమైనట్టు. కొండవాలున మెట్లు తొలిచి కట్టిన గ్రీకు రంగస్థలంలో నటుడి గొంతు నేరుగా ప్రేక్షకుడి చెవికి చేరుతుంది. కింద గట్టి నేల మీద తగిలి మరికొంత శబ్దం పైకి వస్తుంది. మిగతాదంతా ఆకాశంలోకి పోతుంది. మాటకు ఇది మేలే. ఒక అక్షరం మీద ఇంకో అక్షరం పడదు, డైలాగ్ స్పష్టంగా వినిపిస్తుంది. సంగీతం సంగతి వేరు. తీగ మీటగానే పుట్టిన స్వరం వెంటనే చచ్చిపోతే పాట పొడిపొడిగా ఉంటుంది. గోడలకూ కప్పుకూ తగిలి అది కాసేపు గాలిలో నిలవాలి, తర్వాతి స్వరం దాని మీద వచ్చి వాలాలి. ఇప్పటి పెద్ద సింఫనీ హాళ్లలో శబ్దం పూర్తిగా అణగడానికి సుమారు రెండు సెకన్లు పడుతుంది, కట్టేవాళ్లు కోరుకునేదీ అదే. పల్లెల్లో గుడి మండపంలో పాడిన కీర్తన, అదే గొంతుతో పొలం గట్టు మీద పాడిన కీర్తన ఒకేలా ఎందుకుండవో తెలిసినవాళ్లకు ఇంతకన్నా వివరణ అక్కర్లేదు. చిన్న శబ్దమున్న తంత్రీవాద్యాలకు కప్పు మరీ అవసరం. గ్రీకుల కితార అలాంటిదే. గిటార్ అనే పేరు కూడా చివరికి ఆ మాట దగ్గరికే వెళ్తుంది.

పేరున్న మొదటి పెద్ద ఓడియన్‌ను కట్టించినవాడు ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్. క్రీ.పూ. 435 ప్రాంతంలో, అక్రోపోలిస్ కొండ కింద, డయోనిసస్ రంగస్థలాన్ని ఆనుకుని అది లేచింది. తర్వాతి ఓడియన్లకు ఉన్న అర్ధచంద్రాకారం దీనికి లేదు. పక్కకు అరవై మీటర్లకు పైగా ఉన్న చతురస్రం లాంటి హాలు, లోపల వరసలు వరసలుగా స్తంభాలు, పైన ఒకే శిఖరం నుంచి నాలుగు వైపులా జారే కప్పు. స్తంభాలు 90 ఉండేవని తవ్వకాలు జరిపినవారు లెక్క కట్టారు. పర్షియా చక్రవర్తి గుడారాన్ని చూసి దీన్ని కట్టారని గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. యుద్ధంలో పట్టుబడ్డ పర్షియన్ ఓడల తెరచాప కొయ్యలతోనే కప్పు వేశారని రోమన్ వాస్తుశిల్పి విట్రూవియస్ చెబుతాడు, అయితే ఆయన కట్టడాన్ని పెరిక్లీస్‌కు కాక, అతనికన్నా ముందటి ఏథెన్స్ నాయకుడు థెమిస్టోక్లీస్‌కు అంటగట్టాడు. ఓడిపోయిన శత్రువు గుడారాన్ని రాతిలో, కొయ్యలో పోతపోసి, అందులో కూర్చుని పాటలు వినడం ఏథెన్స్ వాళ్లకు ఎంత గర్వంగా ఉండి ఉంటుందో ఊహించవచ్చు. పెరిక్లీస్ తల ఆకారం కాస్త పొడుగ్గా ఉండేది. కామెడీ కవి క్రాటినస్ ఊరుకోలేదు, ఓడియన్‌ను నెత్తిన టోపీలా పెట్టుకుని వస్తున్నాడని నాటకంలో ఆటపట్టించాడు.

ఏథెన్స్ వాళ్లు ఎథీనా దేవత పేర జరుపుకునే పనాథెనాయా ఉత్సవాల్లో సంగీత పోటీలు పెట్టించింది కూడా పెరిక్లీసేనని ప్లూటార్క్ అంటాడు. తానే నిర్వాహకుడిగా ఎన్నికై, ఎలా పాడాలో, కితార ఎలా మీటాలో, ఔలోస్ ఎలా ఊదాలో నియమాలు పెట్టాడట. ఔలోస్‌ను పుస్తకాల్లో వేణువు అని రాసేస్తుంటారు గానీ అది రీడ్‌తో ఊదే జంట గొట్టాల వాద్యం, మన సన్నాయికి దగ్గరి చుట్టం. నాటకాల పండగకు ముందు కవులు తమ నటులతో వచ్చి ఏ నాటకం వేయబోతున్నారో ప్రకటించేదీ ఈ హాల్లోనే. ఊళ్లో అంత పెద్ద కప్పున్న చోటు దొరికితే దాన్ని పాటకే వదిలేస్తారా? కోర్టు విచారణలు కూడా అక్కడ జరిగాయి. ఇక అంతమంది వింటుంటే ఆ 90 స్తంభాల అడవిలో చాలామందికి గాయకుడు కనిపించి ఉండడు. పెద్ద కప్పు వేయాలంటే స్తంభాలు కావాలి, స్తంభాలు పెడితే చూపు ఆగిపోతుంది. తర్వాతి అయిదారు వందల ఏళ్లు ఓడియన్ కట్టినవాళ్లంతా ఈ చిక్కుతోనే కుస్తీ పట్టారు.

పెరిక్లీస్ ఓడియన్ ప్రాణం తీసింది కూడా దాని కప్పే. క్రీ.పూ. 86లో రోమన్ సేనాని సుల్లా ఏథెన్స్‌ను ముట్టడించాడు. నగరాన్ని ఏలుతున్న అరిస్టియన్ అక్రోపోలిస్ మీదికి పారిపోతూ ఓడియన్‌కు నిప్పు పెట్టించాడు. ఆ దూలాలు సుల్లా చేతికి చిక్కితే కోట మీదికి ఎక్కే యంత్రాలు చేసుకుంటాడని భయం. మూడున్నర శతాబ్దాలు పాటను నిలిపిన కొయ్య ఆ రోజు యుద్ధసామగ్రిగా లెక్కకు వచ్చింది. తర్వాత కప్పడోకియా రాజు అరియోబర్జానీస్ దాన్ని మళ్లీ కట్టించాడు.

కథలో ఒక వింత మలుపు ఇక్కడే ఉంది. అదే సుల్లా కొన్నేళ్లకే ఇటలీలోని పాంపేయి పట్టణాన్ని తన పాత సైనికులకు నివాసంగా ఇచ్చాడు. ఆ కొత్త పెద్దమనుషుల్లో క్వింక్టియస్ వాల్గస్, మార్కస్ పోర్సియస్ అనే ఇద్దరు అధికారులు పట్టణంలో ఒక కప్పున్న థియేటర్ కట్టించారు. వాళ్ల పేర్లున్న శాసనం దొరికింది. లాటిన్‌లో దాన్ని ‘థియాట్రమ్ టెక్టమ్’ అన్నారు, అంటే సూటిగా కప్పు వేసిన థియేటర్. సుమారు 1,500 మంది కూర్చునే ఆ కట్టడం పెద్ద బహిరంగ రంగస్థలం పక్కనే ఉంది. స్తంభాల సమస్యను వాళ్లు తెలివిగా దాటారు. అర్ధచంద్రాకారపు మెట్లను నాలుగు మందపాటి గోడల మధ్య బిగించి, గోడ నుంచి గోడకు కొయ్య దూలాల చట్రాలు వేశారు. మధ్యలో ఒక్క స్తంభం లేదు. గాయకుడు అందరికీ కనిపిస్తాడు. అక్కడినుంచి రోమన్ ప్రపంచమంతా వ్యాపించిన ఓడియన్ రూపం ఇదే.

అయితే దూలం పొడవు పెరిగేకొద్దీ ప్రమాదమూ పెరుగుతుంది. క్రీ.పూ. 15 ప్రాంతంలో రోమన్ చక్రవర్తి అగస్టస్ అల్లుడు అగ్రిప్పా, ఏథెన్స్ నగర కూడలి అయిన అగోరా నడిమధ్యలో ఒక ఓడియన్ కట్టించాడు. వెయ్యి మంది పడతారు. స్తంభాలు లేకుండా కప్పు 25 మీటర్లు దాటింది, ఆ కాలానికి అది సాహసమే. నూటయాభై ఏళ్లకు పైగా నిలిచి, క్రీ.శ. 150 ప్రాంతంలో ఆ కప్పు కూలిపోయింది. మళ్లీ కట్టినవాళ్లు అంత ధైర్యం చేయలేదు. మధ్యలో అడ్డగోడ పెట్టి హాలును సగానికి కుదించారు, కూర్చునేవాళ్లు 500కు తగ్గారు. అప్పటినుంచి అక్కడ పాటలకన్నా పండితుల ఉపన్యాసాలే ఎక్కువ. పాటశాల పాఠశాల అయింది.

కప్పుల పోటీలో అందరినీ మించినవాడు హెరోడెస్ అట్టికస్. ఏథెన్స్ కోటీశ్వరుడు, ఉపన్యాసకుడు, రోమ్‌లో కాన్సుల్ అనే అత్యున్నత పదవి కూడా పొందినవాడు. ఈయన భార్య రెజిల్లా రోమ్‌లోని గొప్ప కుటుంబం అమ్మాయి. 160 ప్రాంతంలో గర్భంతో ఉండగా చనిపోయింది. హెరోడెస్ మాట మీద, ఆయన దాస్యం నుంచి విడిపించిన సేవకుడు ఒకడు ఆమెను కొట్టాడని, అందువల్లే పోయిందని ఆమె సోదరుడు కోర్టుకెక్కాడు. హెరోడెస్ నిర్దోషిగా బయటపడ్డాడు. ఆ తర్వాత భార్య జ్ఞాపకంగా అక్రోపోలిస్ వాలున సుమారు 5,000 మంది పట్టే ఓడియన్ కట్టించాడు. కప్పు మొత్తం దేవదారు. విగ్రహాలు చెక్కడానికే ఖరీదెక్కువ అనుకునే కలపను ఈయన కప్పుకు వాడాడని గ్రీకు రచయిత ఫిలోస్ట్రాటస్ ఆశ్చర్యపోతూ రాశాడు. ఆ కప్పును మోసిన స్తంభాల జాడ లోపల ఎక్కడా దొరకలేదు. అంత వెడల్పును కొయ్యతో ఎలా దాటారు, కప్పు హాలంతా ఉండేదా, మధ్యలో ఖాళీ వదిలారా అన్నదాని మీద పండితుల వాదనలు ఇప్పటికీ ఆగలేదు. ఇది దుఃఖంతో కట్టిన కట్టడమా, నింద మాపుకోవడానికి కట్టినదా అన్న ప్రశ్న కూడా అప్పటినుంచీ దాని వెంటే ఉంది. రాళ్లు దానికి జవాబు చెప్పవు. రెజిల్లా పేరు మాత్రం జనం నోట నిలవలేదు, కట్టించినవాడి పేరు నిలిచింది. గ్రీకులు ఇవాళ దాన్ని ముద్దుగా ‘ఇరోదియో’ అంటారు.

రోమ్‌లోనూ చక్రవర్తి డొమిషియన్ పది వేల మంది పట్టే ఓడియన్ కట్టించాడు. 86లో మొదలుపెట్టిన కపిటోలిన్ పోటీల్లో సంగీతానికి, కవిత్వానికి అదే వేదిక. 357లో నగరాన్ని చూడవచ్చిన చక్రవర్తి కాన్‌స్టాంటియస్ మెచ్చుకున్న అద్భుతాల జాబితాలో అదీ ఉంది. ఇప్పుడు ఒంటరిగా నిలబడ్డ ఒక రాతి స్తంభం, దాని ముందున్న మాసిమో భవనం ముఖంలో వంపు తప్ప ఇంకేమీ లేదు. ఆ భవనం పాత ఓడియన్ గుండ్రటి పునాదిని అనుసరించి వంగింది.

ఈ కట్టడాలన్నీ దాదాపు ఒకేలా చచ్చిపోయాయి. 267లో హెరూలీ తెగలు ఏథెన్స్ మీద పడినప్పుడు అగ్రిప్పా హాలు, హెరోడెస్ ఓడియన్ రెండూ కాలిపోయాయి. రాయి మిగిలింది, కొయ్య పోయింది. కొయ్యతోపాటు వాటిని ఓడియన్లు చేసిన గుణం కూడా పోయింది. అందుకే ఇప్పుడు శిథిలాలను చూసి వాటి ధ్వని గురించి ఏం చెప్పినా జాగ్రత్తగా చెప్పాలి. టూరిస్టు గైడు మధ్యలో నిలబడి చప్పట్లు కొట్టి వినిపించేది ఓడియన్ శబ్దం కాదు, కప్పెగిరిన ఓడియన్ శబ్దం.

పేరు మాత్రం లాటిన్ పుస్తకాల్లో నిద్రపోతూ బతికింది. మొదట దాన్ని నిజాయితీగా నిద్రలేపినవాడు ఇటలీలోని పాడువాలో అల్వీజె కోర్నారో అనే సంపన్నుడు. 1530ల్లో తన ఇంటి ఆవరణలో సంగీతం కోసం ఎనిమిది పలకల గది ఒకటి కట్టించి దానికి ‘ఓదేయో’ అని పేరు పెట్టుకున్నాడు. చిన్నదే. కానీ పేరుకూ పనికీ పొంతన కుదిరింది. 1828లో మ్యూనిక్‌లో లియో ఫోన్ క్లెంజె కట్టిన ఓడియన్ కూడా అలాంటిదే. నిఖార్సయిన కచేరీ హాలు, మంచి ధ్వని ఉన్నదని పేరు పొందింది. రెండో ప్రపంచ యుద్ధంలో బాంబులు దాన్ని కూల్చేశాయి. బయటి గోడలను మళ్లీ కట్టి ప్రభుత్వ కార్యాలయం పెట్టారు, కచేరీ హాలు ఉన్నచోట లోపలి ప్రాంగణం మిగిలింది. దాని ముందున్న ఓడియన్స్‌ప్లాట్జ్ అనే కూడలికి పేరు ఇంకా ఉంది.

ప్రపంచానికి ఆ పేరును పంచిపెట్టింది మాత్రం మ్యూనిక్ కాదు, పారిస్. 1782లో రాణి మేరీ ఆంట్వానెట్ సమక్షంలో తెరిచిన ఒక కొత్త నాటకశాలకు విప్లవం తర్వాత, 1790ల చివర్లో, ఓడియన్ అని పేరు మార్చారు. రాజుల వాసన లేని పేరు కావాలి, గ్రీకు ప్రజాస్వామ్యం గుర్తుకు రావాలి. విప్లవ కాలపు ఫ్రాన్స్‌కు ఇలాంటి పేర్లంటే మోజు. అది ప్రధానంగా పాటల హాలు కాదు, నాటకాల హాలు. అంటే పాతకాలపు లెక్కలో థియేటర్‌కు ఓడియన్ పేరు తగిలించారు. ఓడియన్ మాటకు పాటతో ఉన్న ముడి సడలింది ఇక్కడే. 1799లో ఒకసారి, 1818లో మరోసారి ఆ భవనం తగలబడింది. రెండుసార్లూ మళ్లీ లేచి, ఇవాళ్టికీ ‘థియేటర్ ఆఫ్ యూరప్’గా నాటకాలు ఆడుతోంది.

1903లో బెర్లిన్‌లో మొదలైన ఒక రికార్డుల కంపెనీ ఆ పారిస్ నాటకశాల పేరునూ బొమ్మనూ తన లేబుల్ మీద వేసుకుంది. అదే ఓడియన్ రికార్డ్స్. అంతవరకు గ్రామఫోన్ పళ్లానికి ఒకవైపే పాట ఉండేది. 1904లో లైప్‌జిగ్ సంతలో రెండు వైపులా పాటలున్న పళ్లాలను ఓడియన్ తెచ్చి సంచలనం రేపింది. ఈ పేరు తెలుగువాళ్ల ఇళ్లలోకి వచ్చింది కూడా థియేటర్ కన్నా ముందు ఈ పళ్లాల మీదే. 1930ల్లో మద్రాసులోని సరస్వతీ స్టోర్స్ ఓడియన్‌కు ఏజెంటుగా దక్షిణాది సంగీతాన్ని రికార్డు చేసి అమ్మింది. తర్వాత ఏవీఎం స్టూడియో స్థాపించిన ఎ.వి. మెయ్యప్పన్ అందులో భాగస్వామి. లేబుల్ మీద గుండ్రటి బొమ్మ పారిస్‌ది, పేరు ఏథెన్స్‌ది, పళ్లెంలో గొంతు మనది. పాట కోసం జనం హాలుకు వెళ్లడం మాని, పాటే ఇంటికి రావడం మొదలైన కాలానికి ఓడియన్ పేరు తగిలించుకున్న పళ్లెం ఆ మాటకు పాతమిత్రుడే అనిపిస్తుంది.

సినిమా వాళ్ల చేతిలో పడ్డాక పేరు ఇంకా దూరం పోయింది. 1905లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో హ్యారీ డేవిస్, జాన్ హ్యారిస్ ఒక దుకాణం గదిలో వంద లోపు కుర్చీలు వేసి బొమ్మలు ఆడించారు. టికెట్ ఒక నికెల్, అంటే అయిదు సెంట్లు. నికెల్‌కు ఓడియన్ కలిపి ‘నికెలోడియన్’ అన్నారు. ఆ పేరు దేశమంతా పాకింది, డెబ్బై ఏళ్ల తర్వాత పిల్లల టీవీ చానెల్‌కు ఎక్కింది. బ్రెజిల్‌లో రియో నగరపు ఓడియన్ సినిమా హాలు వెయిటింగ్ రూమ్‌లో పియానో వాయించిన ఎర్నెస్టో నజరేత్ ఆ హాలు పేరే తన స్వరరచనకు పెట్టుకున్నాడు. ఇంగ్లండ్‌లో ఆస్కార్ డాయిష్ 1930లో బర్మింగ్‌హామ్ శివార్లలో మొదటి ఓడియన్ పేరుతో హాలు తెరిచి, ఏడేళ్లలో దాదాపు 250 హాళ్లకు పెంచాడు. 1937 నవంబరులో లండన్ లెస్టర్ స్క్వేర్‌లో నల్ల రాయి తొడిగిన ఓడియన్ తెరుచుకున్నాక, సామ్రాజ్యంలో ఎక్కడెక్కడో సినిమా హాలు కట్టేవాళ్లకు ఆ పేరంటే ఒక దర్జా. ఢిల్లీ కనాట్ ప్లేస్‌లోనూ, హైదరాబాద్‌లోనూ అది వినిపించడానికి కారణం పెరిక్లీస్ కాదు, ఈ వరసే.

ఇక్కడ ఒక సాంకేతిక విషయం గుర్తుపెట్టుకోవాలి. టాకీలు వచ్చాక సినిమా హాలుకు కావలసిన ధ్వని పాత ఓడియన్‌కు సరిగ్గా ఎదురు. ఏ శబ్దం ఎంతసేపు మోగాలో ఫిల్ములోనే రికార్డయి ఉంటుంది. హాలు తన సొంత మోత కలిపితే డైలాగ్ చెడుతుంది. అందుకే గోడలకు మెత్తటి పలకలు, పరదాలు, మెత్తటి కుర్చీలు. పాత ఓడియన్ శబ్దాన్ని పట్టి ఉంచడానికి కట్టారు, కొత్త ఓడియన్ శబ్దాన్ని మింగేయడానికి కట్టారు. పేరొక్కటే కలిసింది.

అప్పుడప్పుడు ఈ పేరు పాత పనిని వెతుక్కుంటూ వెళ్లింది కూడా. లండన్ హామర్‌స్మిత్‌లో 1932లో గోమాంట్ ప్యాలెస్‌గా తెరిచిన పెద్ద సినిమా హాలుకు 1962లో ఓడియన్ అని పేరు మార్చారు. సినిమాల కన్నా రాక్ కచేరీలకే అది ప్రసిద్ధి. బీటిల్స్ క్రిస్మస్ షోలు అక్కడే. 1973 జులై 3న రాక్ గాయకుడు డేవిడ్ బోవీ తాను వేదిక మీద వేసే జిగ్గీ స్టార్‌డస్ట్ పాత్రకు వీడ్కోలు చెప్పిందీ అక్కడే. ఇప్పుడు దాని పేరు అపోలో. గ్రీకులకు కితార మీటే దేవుడు అపోలో.

పేరు పుట్టిన గడ్డ మీద మాత్రం మాట అర్థం చెడలేదు, కాస్త జరిగిందంతే. ఇవాళ గ్రీసులో ఎవరైనా పిల్లాడు ‘ఓదియో’కు వెళ్తున్నాడంటే సినిమాకు కాదు, సంగీతం నేర్చుకోవడానికి. మ్యూజిక్ స్కూలును అక్కడ అలాగే అంటారు. 1871లో ఏర్పడిన ‘ఓదియో అథినోన్’ ఏథెన్స్‌లోని పెద్ద సంగీత విద్యాలయం. ఒపెరా గాయని మరియా కల్లాస్ అక్కడ ఎల్విరా దె ఇదాల్గో దగ్గర నేర్చుకుంది. 1944లో, నగరం ఇంకా జర్మన్ల ఆక్రమణలో ఉండగానే, హెరోడెస్ ఓడియన్‌లో ఒపెరా పాడింది. 1950ల్లో ఆ ఓడియన్ మెట్లకు కొత్త పాలరాయి వేసి బాగుచేశాక 1957 ఉత్సవానికి మళ్లీ వచ్చింది. ఒక ఓదియోలో నేర్చి ఇంకో ఓదియోలో పాడిన గొంతు అది. ఆమె తలపైన దేవదారు లేదు, ఆకాశమే ఉంది.

ఆ కప్పును మళ్లీ వేయాలని ఎవరూ తలపెట్టలేదు. మూడో శతాబ్దం నుంచి కప్పు లేకుండానే ఉన్న కట్టడం అది. రాత్రి పూట వెలిగే అక్రోపోలిస్ కింద కూర్చోవడమే ఇప్పుడు దాని ఆకర్షణ. 1993లో సంగీతకారుడు యాన్నీ అక్కడ చేసిన కచేరీ వీడియోలో లోకమంతా చూసింది ఆ తెరిచిన ఆకాశాన్నే, విన్నది మైకుల్లోంచి వచ్చిన శబ్దాన్నే. కూలిన కప్పులు లేచింది ఇంకోచోట. 2003 నుంచి 2006 దాకా యూరోపియన్ యూనియన్ డబ్బుతో ‘ఎరాటో’ అనే పరిశోధన జరిగింది. పాత రంగస్థలాలను, ఓడియన్లను కంప్యూటర్‌లో మెట్టు మెట్టుగా తిరిగి కట్టి, కప్పులు వేసి, జనాన్ని కూర్చోబెట్టి, అక్కడ సంగీతం ఎలా వినిపించేదో లెక్క వేశారు. ఒక్కో గోడకు, ఒక్కో దూలానికి తగిలి శబ్దం ఎటు పోతుందో లెక్కించిన ఆ సాఫ్ట్‌వేర్ డెన్మార్క్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో 1984లో మొదలైంది. దానికి వాళ్లు పెట్టిన పేరు ఓడియన్.